వేషం మారినా మారని పేరు

శృంగార పాత్రలకు పేరుపడ్డ నటి గంభీరమైన పాత్రల వైపు రావడాన్ని మన విమర్శ ఆమె సొంత ప్రయత్నంగానే చూస్తుంది. ప్రతిభ ఉంటే నిలిచింది, లేకుంటే లేదు అని తేల్చేస్తుంది. ఈ చూపు చాలదు. నటి పాత్రను ఒక్కతే ఎంచుకోదు. పెట్టుబడి, పంపిణీదారు, ప్రేక్షకుడు కలిసి ఎంచుతారు. ఇందుకు సిల్క్ స్మిత జీవితమే ఉదాహరణ.

ఏలూరు దగ్గరి కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి పేదరికం వల్ల నాలుగో తరగతితోనే బడి మానింది. మద్రాసు చేరి, మొదట ఒక నటికి టచప్ చేసే పనిలో కుదిరింది. 1980 నాటి తమిళ చిత్రం 'వండిచక్కరం'లో ఆమె వేసిన పాత్ర పేరు సిల్క్. పాత్ర పేరే నటికి ఇంటిపేరైంది. సావిత్రి వంటి నటి కావాలన్నదే తన కోరికని ఆమె ఒక సినీ పత్రికకు చెప్పుకుంది. కానీ వ్యాపారానికి కావలసింది సావిత్రి కాదు, సిల్క్. పూర్తయిన చిత్రానికి కూడా ఆమె పాట ఒకటి అతికించి అమ్ముకున్న కాలమది.

అయినా రెండు తలుపులు తెరుచుకున్నాయి. 1981లో భారతీరాజా 'సీతాకోకచిలుక'లో ఆమెకు కథానాయిక వదిన వేషమిచ్చారు. అక్కడ పనిచేసింది ఒంటి కదలిక కాదు, ముఖమూ మౌనమూ. ఆ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. 1982లో బాలూ మహేంద్ర 'మూండ్రాం పిరై'లో (మనకు 'వసంత కోకిల') వయసు మళ్ళిన ప్రధానోపాధ్యాయుడి భార్యగా నటించింది. ఇక్కడ ఆమె కోరికకు సామాజిక కారణముంది. అది పాత్ర. అయితే అదే చిత్రంలో ఆమెకొక నృత్యగీతమూ పెట్టారు. ఒక చేత్తో పాత్ర ఇచ్చి, రెండో చేత్తో సరుకుగా మార్చారు.

ఇది మన దగ్గరి వింత కాదు. ఇటలీలో నీలిచిత్రాల తార మోఆనా పోజీకి ఫెలినీ 'జింజర్ అండ్ ఫ్రెడ్' (1986)లో దొరికింది చిన్న వేషమే. స్మిత నీలిచిత్రాల నటి కాదు. ముద్ర మాత్రం అంతే గట్టిగా పడింది.

1996 సెప్టెంబరు 23న ఆమె మద్రాసులో మరణించింది. వయసు 35. నేనప్పుడు జనగామలో ఇంటర్ చదువుతున్నాను. వార్త చదివి తోటివాళ్ళు వేసిన మాటలకు నేనూ నవ్వాను. ఏళ్ళ తర్వాత, భూపాలపల్లిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు, టీవీలో 'సీతాకోకచిలుక' చూసి సిగ్గుపడ్డాను. మొన్న మహబూబాబాద్ సభలో శ్లీలాశ్లీలతపై మాట్లాడాక ఒక విద్యార్థిని లేచి అడిగింది: "సార్, పోస్టరును తిట్టిండ్రు. పోస్టరు మీది మనిషి గురించి ఎన్నడన్న రాసిండ్రా?"

జవాబు లేకపోయింది. అభ్యుదయ విమర్శ అశ్లీలాన్ని ఖండించింది, సరే. ఆ సరుకు వెనక ఉన్న శ్రామికురాలిని చూడలేదు. కనుక ఇకముందు ఇలాంటి నటి కొత్త పాత్రను చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేద్దాం. కెమెరా ఎవరి కళ్ళతో చూస్తోంది? పాత్రకు సొంత నిర్ణయం ఉందా? పోస్టరు ఆమెను నటిగా చూపిందా, పాత పేరుతోనే అమ్మిందా?