కథామాలికలో పఠనక్రమం: ప్రొఫెసర్ శంకు కథలు

ఒకే నాయకుని చుట్టూ అల్లిన కథలు అనేక సంవత్సరాలపాటు వెలువడినప్పుడు, వాటిని ఏ వరుసలో చదువవలెనన్న ప్రశ్న పుట్టక తప్పదు. రచయిత వ్రాసిన వరుస ఒకటి. కథలోని సంఘటనలు జరిగిన వరుస మరియొకటి. ఈ రెండూ ఏకమైనచోట చిక్కు లేదు. వేరైనచోట ఎవరో ఒకరు నిర్ణయించవలసి వస్తుంది. పెద్దలు చదివే గ్రంథాలలో ఆ నిర్ణయం పాఠకునిదే. పిల్లల పుస్తకాల సంగతి వేరు. పిల్లవాని చేతికి మొదటి పుస్తకాన్ని అందించేది తల్లిదండ్రులు, ఉపాధ్యాయుడు, గ్రంథాలయాధికారి; పరభాషా కథలైతే అంతకు ముందే అనువాదకుడూ, సంపాదకుడూ ఆ వరుసను నిశ్చయించి ఉంటారు. కనుక ఇది రచయితలు ఆలోచింపదగిన విషయమే.

తెలుగువారికి ఈ సమస్య కొత్తది కాదు. 11వ శతాబ్దిలో నన్నయ ఆంధ్ర మహాభారతాన్ని అరణ్యపర్వం నడుమ విడిచినాడు. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వంతో ప్రారంభించి, తక్కిన 15 పర్వాలను పూర్తి చేసినాడు. అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూరించినది 14వ శతాబ్దిలో. రచనాక్రమంలో చివరిదైన భాగం కథాక్రమంలో నడుమ నిలిచినది. అయినను భారతాన్ని రచనాక్రమంలో చదివేవారు లేరు. ఎఱ్ఱన నన్నయ శైలితో మొదలుపెట్టి, క్రమంగా తిక్కన శైలి వైపు నడిపించి, ఆ భాగాన్ని రాజరాజనరేంద్రునికే అంకితం చేసి, అతుకు కనబడకుండా చూచినాడు. అనగా తన రచనను ఏ చోట చదువవలెనో కవియే నిర్ణయించి వ్రాసినాడు. వరుసను గూర్చిన వివాదంలో మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇదే: ఈ భాగాన్ని వ్రాసేనాటికి, పాఠకునికి ఏమేమి తెలిసి ఉండునని రచయిత భావించినాడు?

ఈ ప్రశ్నకు మంచి పరీక్ష కలకత్తా బాలసాహిత్యంలో ఉన్నది. 1913లో ఉపేంద్రకిశోర్ రాయచౌధురి 'సందేశ్' అనే పిల్లల మాసపత్రికను స్థాపించినారు. 1915లో ఆయన మరణించిన పిమ్మట కుమారుడు సుకుమార్ రాయ్ దానిని నడిపినారు. సుకుమార్ 1923లో పిన్నవయస్సులోనే కీర్తిశేషులైనారు. పత్రిక తరువాత కొంతకాలానికి ఆగిపోయినది. 1961లో సుకుమార్ కుమారుడు సత్యజిత్ రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి దానిని పునరుద్ధరించినారు. ఆ సంవత్సరమే అందులో 'వ్యోమయాత్రీర్ డైరీ' అనే కథ ధారావాహికంగా వెలువడినది. ప్రొఫెసర్ త్రిలోకేశ్వర శంకు బెంగాలీ పిల్లలకు పరిచయమైనది ఆ కథతోనే.

ఆ కథ ప్రారంభమే విచిత్రం. శంకు అప్పటికే కనబడకుండా పోయినాడు. సుందరవనాలలో ఉల్క పడిన గోతిలో దొరికిన ఒక డైరీ కథకుని చేతికి వస్తుంది. దాని సిరా రంగులు మారుతుంది. కాగితం నిప్పులో కాలదు. శంకు తన సేవకుడు ప్రహ్లాదునీ, న్యూటన్ అనే పిల్లినీ, విధుశేఖరుడనే మరమనిషినీ వెంటబెట్టుకొని రాకెట్టులో అంగారకునికి ప్రయాణమైన వృత్తాంతం అందులో ఉన్నది. చదువరికి ఆ డైరీ మిగులుతుంది గాని, శంకు తిరిగిరాడు. చివరకు నిప్పుకు కాలని ఆ డైరీని చీమలు తినివేస్తాయి. నాయకుని కథ ముగిసిన చోట కథామాలిక ప్రారంభమైనది!

తరువాతి కథలను వ్రాయదలచినప్పుడు సత్యజిత్ రాయ్ ఆ ముగింపును రద్దు చేయలేదు. దానినే ద్వారంగా చేసికొన్నారు. కథకుడు గిరిడీలో శంకు ఇంటిని వెదకి పట్టుకొని, అక్కడ మరి 21 డైరీలను కనుగొన్నట్లు కల్పించినారు. నాడు బీహారులోను, 2000 నుండి ఝార్ఖండ్‌లోను ఉన్న ఆ ఊరు అట్లా బాలపాఠకులకు ప్రసిద్ధమైనది. ఆ డైరీలలో నుండి 38 పూర్తి కథలు, రెండు అసంపూర్ణ కథలు వచ్చినవి. సంఘటనల వరుసను బట్టి చూస్తే మొదట అచ్చయిన కథ చిట్టచివరిది కావలెను.

ఈ మాలికకు మరియొక కొస కూడ ఉన్నది. శంకు కనిపెట్టిన 'మిరాకురల్' అనే సర్వరోగనివారిణి మాత్ర అనేక కథలలో అతనిని ఆదుకొంటుంది. అది ఎట్లా పుట్టినదో చెప్పే 'స్వర్ణపర్ణి' 1990లో గాని వెలువడలేదు. శంకు యౌవనం, గిరిడీలో వైద్యుడైన తండ్రి త్రిపురేశ్వరుడు, ఒక సాధువు ద్వారా తెలిసిన అరుదైన ఓషధి, ఆంగ్లేయుడైన సాండర్సుతో స్నేహం కుదిరిన విధం, హిట్లరు నాటి జర్మనీలో ఎదురైన ఆపద, ఇవన్నీ అందులో ఉన్నవి. కథాకాలాన్ని బట్టి అది మొదటిది. సత్యజిత్ రాయ్ 1992లో మరణించినారు. అనగా తుదిని మొదటనూ, మొదలును తుదినీ వ్రాసినారన్నమాట.

అయితే సంఘటనల వరుసనే పాటించి, 'స్వర్ణపర్ణి'ని మొదటను, అంగారకయాత్రను చివరను ఉంచితే నష్టమేమి? నష్టాలు మూడు. మొదటిది: ఆ మాత్ర మహిమను పదిచోట్ల చూచి, దాని పుట్టుకను గూర్చి కుతూహలపడిన పాఠకునికే 'స్వర్ణపర్ణి' సమాధానమగును. ప్రశ్న పుట్టకముందు చెప్పిన సమాధానం ఉత్త సమాచారమే. రెండవది: తొలి కథలోని శంకు, సేవకుని మీద తుమ్ములు తెప్పించే నస్యాస్త్రాన్ని ప్రయోగించే పిచ్చి పండితుడు. సుకుమార్ రాయ్ వ్రాసిన 'హేశోరామ్ హుశియారేర్ డైరీ'లోని హాస్యఛాయలు అతనిపై స్పష్టంగా ఉన్నవి. కాలక్రమేణ అతడు దేశదేశాల శాస్త్రజ్ఞుల మన్నన పొందిన గంభీరుడైనాడు. ప్రచురణక్రమంలో ఇది పాత్ర పెరుగుదలగా తోచును. తొలి కథను చివరకు చేర్చితే, అంత పెద్దమనిషి ఒక్కసారిగా విదూషకుడై అంతర్ధానమైనట్లుండును. మూడవది: నడుమనున్న డైరీలలో తేదీ, నెల ఉండునే గాని సంవత్సరం సాధారణంగా ఉండదు. కావున సంపూర్ణమైన కథాక్రమం ఏర్పరచుట సంపాదకుని ఊహకే గాని ఆధారానికి అందదు.

ముగింపు ముందే తెలిసినచో ఉత్కంఠ చెడునని కొందరి ఆక్షేపణ. పిల్లల అనుభవం దీనిని సమర్థించదు. డైరీ వ్రాసినవాడు ఆనాటి ఆపదనుండి బయటపడినాడని ఏ పిల్లవానికైనను తెలియును. వాడు ఎదురుచూచేది ఎట్లా బయటపడినాడన్న దానికొరకు. పైగా తొలి కథలో శంకు మరణించినట్లు లేదు. ఆకాశంలో ఎక్కడనో ఉన్నాడు. ఆ తలుపు తెరిచియున్నదన్న ఎరుకతో చదివినప్పుడు, గిరిడీలో పిల్లిని ఒడిలో పెట్టుకొని కూర్చున్న శంకు మాటలకు సైతం వేరొక అందం వచ్చును.

ఇట్టి వివాదమే ఆంగ్లంలో సి. ఎస్. లూయిస్ వ్రాసిన నార్నియా కథలపై నడిచినది. 1950లో వచ్చిన తొలి పుస్తకంలో ఒక బాలిక బట్టల బీరువాలో దూరి, మంచు కురిసే అడవిలో వెలుగుతున్న దీపస్తంభాన్ని చూచి అబ్బురపడుతుంది. ఆ స్తంభం అక్కడికి ఎట్లా వచ్చినదో 1955 నాటి ఆరవ పుస్తకం చెప్పుతుంది. ఒక బాలునికి 1957లో వ్రాసిన ఉత్తరంలో లూయిస్ కథాక్రమం వైపే కొంత మొగ్గినాడు. అయినను వరుసకు అంత ప్రాధాన్యం లేకపోవచ్చునని కూడ అన్నాడు. ఆయన మరణానంతరం ప్రకాశకులు ఆరవదానిని మొదటిదిగా మార్చినారు. ఆ వరుసలో చదివిన బాలునికి దీపస్తంభం కనబడేసరికి అది పాత చుట్టమే. బాలికకు కలిగిన అబ్బురం వానికి కలుగదు. రచయిత ఉత్తరంలో అన్న మాట కంటె, పుస్తకం వ్రాసిన తీరే బలమైన సాక్ష్యం.

కాబట్టి శంకు కథలను పిల్లలకు అందించేవారికి తగిన మార్గం ఇది. 'వ్యోమయాత్రీర్ డైరీ'తో ప్రారంభించవలెను. పిమ్మట 1965లో వచ్చిన 'ప్రొఫెసర్ శంకు' సంపుటిలోని తక్కిన కథలు, ఆపై సంపుటాలు వెలువడిన వరుసలో రావలెను. 'స్వర్ణపర్ణి' తన చోటనే, చివరి భాగంలో, ఉండవలెను. అసంపూర్ణ కథలు రెండూ అన్నిటికంటె వెనుక. కొన్ని కథలనే ఏరి అనువదించేవారు సైతం తొలి కథను విడువరాదు. అది లేనిచో మిగిలిన డైరీలు ఎవరికి, ఎట్లా దొరికినవో తెలియదు. ప్రతి కథకు అడుగున అది మొదట అచ్చయిన సంవత్సరం చూపుట మంచిది. అప్పుడు వేరొక వరుసలో చదువగోరిన పిల్లవానికి ఆ స్వేచ్ఛ ఉండును.

మొదటి పఠనం ఒక్కసారే లభించును. రెండవమారు చదివేటప్పుడు బాలుడు తన ఇష్టం వచ్చిన పుట తెరవవచ్చును; ఆ మొదటిమారు మాత్రం అనువాదకుని చేతిలోనూ, సంపాదకుని చేతిలోనూ ఉన్నది.