విత్తనము చెడినచో పూచీ ఎవరిది?

విత్తనపు సంచి వెల కొన్ని వందలో, కొన్ని వేలో యుండును. ఆ విత్తనము చెడ్డదైనచో రైతు పోగొట్టుకొనునది ఆ వెల మాత్రమే కాదు. దుక్కి, ఎరువు, కూలి, నీరు, అన్నిటికంటె ముఖ్యముగా అదను పోవును. అదను దాటిన పిమ్మట ఎంత మంచి విత్తనము దొరకినను ప్రయోజనము స్వల్పము. ఇట్టి నష్టము వాటిల్లినప్పుడు మన రైతులలో పెక్కుమంది “మన ప్రాప్తమింతే” యని యూరకుందురు. అన్ని వేళల అది ప్రాప్తము కాదనియు, పెక్కు సందర్భములలో చట్టరీత్యా జవాబు చెప్పవలసినవారు కలరనియు సభ్యులకు తెలుపుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదటి పూచీ బేరము వలన కలుగును. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము ప్రకారము, కొనువాడు తనకు సరకు ఏ పనికై కావలెనో అమ్మువానికి తెలిపి, అతని నేర్పును నమ్మి కొన్నయెడల, ఆ సరకు ఆ పనికి తగినదై యుండవలెను. అమ్మువాడు నిత్యము అట్టి సరకుతో వ్యాపారము చేయువాడైనచో, ఈ షరతు నోట అనకున్నను, కాగితముపై వ్రాయకున్నను ఆ బేరములో ఇమిడియే యుండును. “నల్లరేగడి చేనులో రబీకి వేయుటకు శనగ విత్తనము కావలెను” అని అడిగి, దుకాణదారు చూపినదానిని నమ్మి తెచ్చుకొన్న రైతునకు ఈ రక్షణ గలదు. అట్లుగాక, ఫలానా కంపెనీ పేరు పట్టుబట్టి అడిగి తెచ్చుకొన్నచో ఈ రక్షణ సడలును. కావున ఏ నేలకు, ఏ కారునకు కావలెనో ముందుగా చెప్పి కొనుట మేలు.

రైతునకును విత్తనమును సిద్ధపరచిన కంపెనీకిని నేరుగా బేరము జరుగదు గదా, కంపెనీని ప్రశ్నించుట ఎట్లని కొందరడుగుదురు. బేరముతో నిమిత్తము లేకయే, ఒకని అజాగ్రత్తవలన మరియొకనికి హాని కలిగినచో పరిహారమిప్పించు న్యాయశాఖ యొకటి కలదు. దానిని న్యాయవాదులు టార్టు అందురు. 1928వ సంవత్సరము ఆగస్టు నెలలో స్కాట్లండు దేశమున పెయిస్లీ పట్టణములో ఒక స్త్రీకి స్నేహితులొకరు అల్లపు పానీయము కొని యిచ్చిరి. కొంత త్రాగిన పిమ్మట మిగిలినది వంపగా సీసానుండి కుళ్లిన నత్త వెలువడెనని ఆమె వ్యాజ్యము వేసెను. సీసా లోపలిది కానరాని రంగు గాజుది. వెల యిచ్చినది ఆమె కాదు. అయినను, నడుమ నెవ్వరును పరీక్షింప వీలులేకుండ మూసిపంపిన వస్తువు విషయమున, దానిని తుదకు వాడువారి యెడల తయారుచేసినవాడు జాగ్రత్త వహింపవలెనని 1932లో ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పు చెప్పెను. సీలు వేసిన విత్తనపు సంచి కూడ అట్టిదే. విప్పి చూచినను గింజ లోపలి గుణము కంటికి కానరాదు.

మన దేశములో రైతునకు ఎక్కువ దగ్గరైన తీర్పు 2012వ సంవత్సరము జనవరిలో సుప్రీముకోర్టు చెప్పినది. ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు జాతీయ విత్తన సంస్థ విత్తనము వేసి నష్టపోయి, వినియోగదారుల ఫోరములను ఆశ్రయించి పరిహారము పొందిరి. సంస్థ అప్పీలు చేసెను. విత్తనముల చట్టము వేరుగా నున్నదనియు, విత్తనమును ప్రయోగశాలకు పంపి పరీక్షింపలేదనియు అది వాదించెను. కోర్టు ఆ వాదములను త్రోసిపుచ్చెను. విత్తనము కొన్న రైతు వినియోగదారుడే యని నిర్ణయించెను. రైతు తాను కొన్న విత్తనమంతయు చల్లివేయును గాని, రేపు వ్యాజ్యము వచ్చునని కొంత దాచియుంచునని యెదురుచూడరాదనియు చెప్పెను. ఇది మిక్కిలి విలువైన మాట.

ఆ తీర్పు 1986 నాటి చట్టము క్రింద వచ్చినది. దాని స్థానమున 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులైలో అమలులోనికి వచ్చినది. రైతు తాను నివసించు జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. ఇచ్చిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. నష్టకారణము పుట్టిననాటినుండి 2 సంవత్సరములలోగా ఫిర్యాదు చేయవలెను. ఇందులో ఒక భేదము గమనింపవలెను. విత్తనము మొలకెత్తకుండుట సరకులోని లోపము. ఆ పేరనే ఫిర్యాదు చేయవలెను. మందు కొట్టు పంపు పగిలి మనిషికి గాయమైనచో అది ఉత్పత్తి బాధ్యత యను వేరొక అధ్యాయము క్రిందికి వచ్చును.

ఇక గుమాస్తా మాటకు విలువ యెంత? 1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టము ప్రకారము, యజమాని వ్యాపారము నడుపుచు ఏజెంటు చేసిన మోసము గాని, పలికిన అసత్యము గాని యజమాని చేసినట్లే యొడంబడికకు తగులును. ఈ నియమము మన సంఘములకును వర్తించును. సంఘపు గిడ్డంగిలో గుమాస్తా “ఈ రకము తెగులును తట్టుకొనును” అని ఆధారము లేక చెప్పి యమ్మినచో, ఆ మాటకు సంఘము జవాబుదారీ యగును. సంఘపు సొమ్ము సభ్యులది. కావున తెలియని సంగతి తెలియదని చెప్పుటను గుమాస్తాలకు నేర్పుట పాలకవర్గముల విధి.

పంట నమ్మునప్పుడు రైతే యజమాని, కమీషన్ ఏజెంటు అతని ప్రతినిధి. అడిగినప్పుడు సరియైన లెక్క చూపుట ఏజెంటు విధి. రైతునకు తెలుపక సరకును తానే కొని లాభము పొందినచో ఆ లాభమును రైతు కోరవచ్చును. అందుకే తక్‌పట్టీ, అనగా అమ్మకపు లెక్కచీటీ, తీసికొనకుండ యార్డు విడువరాదు.

హక్కు ఎంత గట్టిదైనను రుజువు లేనిచో నిలువదు. సభ్యులు ఈ క్రింది జాగ్రత్తలు పాటింపవలెనని కోరుచున్నాము. రసీదు లేక విత్తనము కొనరాదు. రసీదుపై రకము, లాట్ నంబరు, వెల వ్రాయించుకొనవలెను. సంచిని, దానికి కుట్టిన చీటీని పంట యింటికి వచ్చువరకు భద్రపరుపవలెను. వీలైనచో పిడికెడు విత్తనము దాచవలెను. మొలక పలుచనైనచో చేను దున్నివేయక మునుపే వ్యవసాయాధికారికి వ్రాతమూలముగా తెలిపి, వారిచే చేను చూపించి నివేదిక పొందవలెను. ఒకే లాటు వేసిన ఇరుగుపొరుగు రైతులతో కలిసి ఫిర్యాదు చేసినచో నేలదో నీటిదో దోషమను ప్రతివాదము బలహీనమగును.

ఒంటరి రైతు కంపెనీ ముందు చిన్నవాడు. పదిమంది రసీదులు ఒకచోట చేరినప్పుడు ఆ తూకము మారును. సహకారము అప్పు తెచ్చుటకు మాత్రమే గాక ఇట్టి పనులకును ఉపయోగపడవలెనని మా మనవి.