వైద్యవిద్య – ప్రవేశ నియంత్రణ

వైద్యశాస్త్రం నేర్వగోరే శిష్యునికి ఎట్టి గుణాలుండాలో చరకసంహితలోని విమానస్థానం వివరించింది. ఆనాడు ఆ పరీక్ష గురువు చేతిలోనిది. ఆధునిక యుగంలో ఆ బాధ్యత ప్రభుత్వానికి సంక్రమించింది.

1933 నాటి చట్టాన్ని అనుసరించి 1934లో భారత వైద్యమండలి ఏర్పడింది. ఆ చట్టం స్థానంలో 1956లో మరో చట్టం వచ్చింది. పాఠ్యప్రణాళిక, అధ్యాపకుల సంఖ్య, బోధనాసుపత్రిలో ఉండవలసిన పడకలు మొదలైన ప్రమాణాలను మండలి నిర్దేశించేది. అయితే కళాశాలలో ఎవరు చేరాలన్నది ఇంతకంటె జటిలమైన ప్రశ్న.

ప్రైవేటు కళాశాలలతో పాటు క్యాపిటేషన్ ఫీజు అనే దురాచారం ప్రబలింది. విద్యార్థి ప్రతిభను విడిచి, తండ్రి ధనాన్ని తూచే పద్ధతి ఇది. దీనిని నిషేధిస్తూ, ప్రవేశాలను క్రమబద్ధం చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1983లో చట్టం వచ్చింది. 1986లో ఎంసెట్ ప్రారంభమైంది. అదే సంవత్సరం విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వెలసింది. అంతవరకు వేర్వేరు విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉన్న వైద్యకళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి.

చట్టం చేసినంత మాత్రాన దురాశ నశించదు కదా! ప్రతిభతో నిమిత్తం లేకుండా ప్రవేశాలు జరుపుకోవడానికి వీలు కల్పించే 3-ఎ సెక్షన్ తరువాత ఆ చట్టంలోనే చేరింది. అది చెల్లదని రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థిస్తూ, విద్య వ్యాపారం కారాదని స్పష్టం చేసింది. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలలో సగం సీట్లు ఉచిత సీట్లుగా, తక్కిన సగం చెల్లింపు సీట్లుగా ఉండాలనీ, రెండింటికీ ప్రతిభే ప్రాతిపదిక కావాలనీ ఒక పథకాన్ని నిర్దేశించింది. అధిక రుసుము చెల్లించేవాడు తోటి విద్యార్థి చదువు భారాన్ని కూడా మోయవలసి రావడం ఇందులోని చిక్కు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకాన్ని తోసిపుచ్చింది. యాజమాన్యాలకు కొంత స్వేచ్ఛ లభించినా, క్యాపిటేషన్ ఫీజుపై నిషేధం తొలగలేదు.

దేశమంతటికీ ఒకే ప్రవేశపరీక్షగా 2013లో నీట్ జరిగింది. ఆ ఏడే సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2016లో ఆ తీర్పును ఉపసంహరించుకొంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 2017 నుండి వైద్యవిద్యకు ఎంసెట్ స్థానాన్ని నీట్ ఆక్రమించింది. 2020లో వైద్యమండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ ఏర్పడింది.

నేడు యాజమాన్య కోటాలో చేరాలన్నా నీట్‌లో అర్హత పొందక తప్పదు. ఆ మేరకు ప్రతిభకు రక్షణ లభించింది. కాని ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో కన్వీనర్ కోటా విద్యార్థి చెల్లించే రుసుముకూ, యాజమాన్య కోటా విద్యార్థి చెల్లించే రుసుముకూ మధ్య అంతరం మాత్రం ఇప్పటికీ ఎంతో ఉంది.