పిలిస్తేనే వచ్చే పిశాచి!

'దెయ్యాల పుస్తకమా? వద్దు తల్లీ, రాత్రి నిద్రపట్టదు' అంటారు కొందరు. 'డ్రాకులానా? అవి మగపిల్లలు చదివేవి' అని తేల్చేస్తారు ఇంకొందరు. నిజానికి ఇంగ్లీషులో వచ్చిన వాంపైర్ నవలలన్నీ ఒక్క తీరుగా ఉండవు. వాటిలో ప్రేమకథలున్నాయి, కంటతడి పెట్టించేవున్నాయి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేవీ ఉన్నాయి. మీకు ఎలాంటి కథలు ఇష్టమో తేల్చుకుంటే చాలు, అందుకు తగ్గ పిశాచి దొరుకుతుంది!

ముందు ఒక్క సంగతి. ఈ రక్తపిశాచికి ఓ నియమం ఉంది. ఇంట్లోవాళ్లెవరో ఒకరు రమ్మనందే అది మొదటిసారి గుమ్మం దాటలేదు. 1897లో వచ్చిన 'డ్రాకులా'లో బ్రామ్ స్టోకర్ ఈ మాట స్పష్టంగా చెప్పాడు. ఒకసారి పిలిచారా, ఇక ఆ తర్వాత దాని ఇష్టం. అంటే ఇది తలుపులు పగలగొట్టుకుని వచ్చే దెయ్యం కాదు. మంచి బట్టలు కట్టుకుని, మర్యాదగా మాట్లాడుతూ, మనం కుర్చీ వేస్తే వచ్చి కూర్చునే దెయ్యం. ఇంట్లోకి ఎవరిని రానివ్వాలి? వచ్చినవాడి మీద అనుమానం కలిగితే ఎవరికి చెప్పాలి? చెబితే నమ్ముతారా? ఆడవాళ్లకు ఇవేమీ కొత్త ప్రశ్నలు కావు కదా!

సంసారం, పిల్లలు, ఇరుగుపొరుగు ఉన్న కథలే మీకిష్టమైతే గ్రేడీ హెండ్రిక్స్ 2020లో రాసిన 'ది సదరన్ బుక్ క్లబ్స్ గైడ్ టు స్లేయింగ్ వాంపైర్స్' తెచ్చుకోండి. పేరు చాంతాడంత ఉందని భయపడకండి. అమెరికాలోని చార్లెస్టన్ దగ్గర ఓ కాలనీ. కథాకాలం 1990 ప్రాంతం. పెట్రీషియా ఒకప్పుడు నర్సు, ఇప్పుడు గృహిణి. డాక్టరైన భర్త, ఇద్దరు పిల్లలు, మతిమరుపు ముదిరిన అత్తగారు. నలుగురు స్నేహితురాళ్లతో కలిసి నేరకథలు చదువుకోవడమే ఆమెకున్న సరదా. ఆ వీధిలోకి ఓ అందగాడు వస్తాడు. ఆమే ఇంట్లోకి పిలుస్తుంది. మాటకారి, పైగా డబ్బున్నవాడు. భర్తలందరితోనూ వ్యాపారం కలుపుతాడు. అతనిలో ఏదో తేడా ఉందని ఆమె అంటే భర్తలు ఒక్కటై ఆమె నోరే మూయిస్తారు. అతన్ని ముందుగా గుర్తుపట్టింది ఎవరనుకున్నారు? అందరూ పిచ్చిమాటలని కొట్టిపారేసిన ఆ అత్తగారు!

అవతల నల్లజాతి వాళ్లుండే పేటలో పిల్లలు చనిపోతుంటారు. పోలీసులకు పట్టదు, పెద్దింటి ఆడవాళ్లూ చాలాకాలం పట్టించుకోరు. అత్తగారికి సేవచేసే మిసెస్ గ్రీన్ ఆ మాట నిలదీసి అడిగే ఘట్టం నాకు పిశాచి వచ్చిన ఘట్టాలకంటే గట్టిగా తగిలింది. ఎలుకలు వచ్చే చోటు మాత్రం భోంచేస్తూ చదవకండి సుమా!

మనసు బరువెక్కే కథలు ఇష్టపడేవారికి ఆన్ రైస్ నవల 'ఇంటర్వ్యూ విత్ ది వాంపైర్' (1976). దీని వెనక ఓ తల్లి దుఃఖం ఉంది. రైస్ కూతురు మిషెల్ 1972లో లుకేమియాతో పోయింది. అప్పటికి ఆ పాపకు ఆరేళ్లు కూడా నిండలేదు. రక్తానికి సంబంధించిన జబ్బు! ఆ తర్వాత ఆమె రాసిన నవలలో క్లాడియా అనే అయిదేళ్ల పిల్ల ఉంటుంది. చావబోతుంటే ఆమెను పిశాచిగా మార్చి బతికిస్తారు. ఇక చావు లేదు. కానీ ఎదుగుదలా లేదు. ఏళ్లు గడిచేకొద్దీ మనసు పెద్ద ఆడదానిదవుతుంది, ఒళ్లు మాత్రం పసిపిల్లదే. 'నన్నెందుకిలా చేశారు' అన్న ఆమె కోపానికి ఎవరి దగ్గరా జవాబుండదు. పిల్లలున్నవాళ్లు ఓపిక ఉన్న రోజున చదవండి.

నవ్వుకోవాలంటే టెర్రీ ప్రాచెట్ రాసిన 'కార్పే జుగ్యులమ్' (1998). రాజుగారు కూతురి బారసాలకు మర్యాద కోసం పొరుగు దేశపు పిశాచాల కుటుంబానికీ శుభలేఖ పంపుతాడు. ఇంకేముంది, దిగబడతారు! వెల్లుల్లికీ వెలుతురుకీ బెదరకుండా ముందే సాధన చేసుకుని మరీ వస్తారు. కానీ గ్రానీ వెదర్‌వాక్స్ అనే మొండి ముసలమ్మను కరవడమే వాళ్లు చేసిన పొరపాటు. ఆ తర్వాత వాళ్లకు రక్తం బదులు టీ తాగాలనిపిస్తుంది!

అన్నట్టు, మన విక్రమార్కుడి భేతాళ కథల్ని రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లీషులో వేసి, పేరులో భేతాళుణ్ణి 'వాంపైర్' చేసేశాడు. చిక్కు ప్రశ్నలడిగి తల తినడం తప్ప విక్రమార్కుణ్ణి ఏమీ చెయ్యలేదు పాపం మన భేతాళుడు!

ప్రేమకథలంటే అందరూ చెప్పేది స్టెఫనీ మేయర్ 'ట్విలైట్' (2005). ఎప్పుడూ వాన పడే ఫోర్క్స్ అనే చిన్న ఊరు, పదిహేడేళ్ల అమ్మాయి, వందేళ్లు దాటినా కుర్రాడిలా కనిపించే ఎడ్వర్డ్. తేలిక ఇంగ్లీషు, చకచకా సాగుతుంది. అయితే ఇందులో పిలుపు నియమం లేదు. ఆ అమ్మాయి నిద్రపోతుంటే ఎడ్వర్డ్ ఆమెకు తెలియకుండా గదిలోకి వచ్చి చూస్తూ కూర్చుంటాడు. ఇది ప్రేమా? మీ ఇంట్లో కాలేజీ అమ్మాయి ఈ పుస్తకం చదువుతుంటే లాక్కోకండి, మీరూ చదివి ఈ ప్రశ్న అడిగి చూడండి.

నన్నడిగితే దానికంటే లె ఫాను రాసిన 'కార్మిల్లా' (1872) మేలు. డ్రాకులాకంటే పాతికేళ్లు పెద్దది. ఆస్ట్రియాలో అడవి పక్క కోటలో తోడు లేని లారా. బండి ప్రమాదంలో చిక్కిన ఓ అందమైన అమ్మాయిని ఆమె తండ్రే ఇంట్లో అతిథిగా ఉంచుతాడు. ఇద్దరి మధ్యా స్నేహమో ప్రేమో తెలియని ఆపేక్ష పెరుగుతుంది, చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్లలు చనిపోతుంటారు. చిన్న పుస్తకం, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

చరిత్ర ఇష్టమైతే జ్యుయెల్ గోమెజ్ 'ది గిల్డా స్టోరీస్' (1991) ఉంది. 1850లో బానిసత్వం నుంచి పారిపోయిన పిల్ల కథ. ఇందులోని మంచి పిశాచాలు ప్రాణం తియ్యవు, తీసుకున్న రక్తానికి బదులు ఏదో ఒక మేలు చేసి వెళతాయి. స్వీడన్ రచయిత లిండ్‌క్విస్ట్ 'లెట్ ది రైట్ వన్ ఇన్' (2004) గుండె ధైర్యం ఉన్నవారికే. పిల్లల మీద జరిగే ఘోరాలు అందులో ఉన్నాయి.

మరి అసలు 'డ్రాకులా' సంగతి? పాతకాలపు ఇంగ్లీషు, కాస్త నెమ్మది. అయినా మీనా కోసం చదవాలి. టైపు, షార్ట్‌హ్యాండ్ వచ్చిన పిల్ల. అందరి డైరీలూ ఉత్తరాలూ వరసలో పెట్టి, డ్రాకులా జాడ తెలిసేలా చేసింది ఆమే. తీరా వేట మొదలయ్యేసరికి 'ఆడపిల్ల, భయపడుతుంది' అని మగవాళ్లు ఆమెకు ఏమీ చెప్పడం మానేస్తారు. సరిగ్గా అప్పుడే డ్రాకులా ఆమె దగ్గరికి వస్తాడు.

'డ్రాకులా', 'కార్మిల్లా' రెండింటికీ కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. 'డ్రాకులా'లో కోటలో జరిగే మొదటి నాలుగు అధ్యాయాలు ఊపిరి తిప్పుకోనివ్వవు. ఆ తర్వాత కథ మందగిస్తుంది. కాగితాలన్నీ మీనా చేతికి వచ్చేదాకా ఓపిక పట్టండి.