రింగు సందులోని లెక్క

కోరుట్ల, జగిత్యాల పొలములను దున్ను ట్రాక్టరుకైనను, సిరిసిల్ల వస్త్రమును మోయు లారీకైనను బలమునిచ్చునది సిలిండరులో మండు ఇంధనమే. ఆ బలము జారిపోకుండ కాపాడునవి పిస్టను చుట్టునుండు సన్నని రింగులు. 1850వ దశకమున జాన్ రామ్స్‌బాటమ్ అను ఆంగ్లేయ రైల్వే ఇంజనీరు రూపొందించిన తెగిన రింగు వీనికి మూలము.

రింగు తెగియుండుట లోపము కాదు. 100 మిల్లీమీటర్ల వ్యాసముగల పోత ఇనుప రింగు 100 డిగ్రీలు వేడెక్కినచో దాని చుట్టుకొలత మిల్లీమీటరులో సుమారు మూడవ వంతు పెరుగును. ఆ పెరుగుదలకు చోటు లేనిచో కొనలు ఢీకొని సిలిండరు గోడను గీరును. కనుక రింగును ముందుగా ఒంటిగా సిలిండరులో ఉంచి, ఫీలరు గేజి అను పలుచని ఉక్కు రేకులతో సందును కొలువవలెను.

కాని ఆ సందే వాయువు తప్పించుకొను దారి. సాధారణముగా రింగులు మూడు. పై రెండును ముఖ్యముగా వాయువును ఆపును. క్రిందిది గోడమీది నూనెను గీకును. సందులన్నియు ఒకే వరుసలో నిలిచినచో వాయువునకు తిన్నని బాట దొరకును. అందుచే తయారీదారుల సూచన వేరుగా లేనిచో, 120 డిగ్రీల ఎడముతో వానిని నిలుపుదురు. నడకలో రింగులు మెల్లగా తిరుగవచ్చునుగాని, ఆరంభము సరిగా నుండవలెను. గుర్తుగల వైపు పైకుండవలెను. తలక్రిందులైన రెండవ రింగు నూనెను పైకి తోడి నీలిపొగ చేయును.

ఇంజను బిగించిన పిదప ఈ తప్పులేవియు కంటికి కనబడవు. నాట్లవేళ ట్రాక్టరు ఆగినచో మరల విప్పించు ఖర్చును, తప్పిన అదనును రైతే భరించవలెను. వృత్తమును మూడు సమభాగములు చేయు విద్యార్థి నేర్చునది ఈ మెలకువనే.