ఉప్పెన తగ్గినా వడ్డీ ఆగదు

ప్రకృతి విలయం సంభవించిన ప్రతిసారీ రాజధానిలో జరిగే తంతు ఒక్కటే. మంత్రుల విమాన పర్యటన, కేంద్ర బృందం పరిశీలన, నివేదిక, ఆపైన సహాయం చాలలేదని ఒకరు, చాలునని మరొకరు వాదులాట. ఈ సందడిలో ఎవరూ పట్టించుకోని విషయం ఒకటున్నది. కొంప మునిగినవాడు పన్ను రిటర్నును ఎప్పటిలోగా దాఖలు చేయాలి? ఆలస్యమైతే ఆ అపరాధ రుసుమును ఎవరు భరించాలి? ప్రశ్న చిన్నదే. కాని ఇది మన ప్రభుత్వ యంత్రాంగపు స్వభావాన్ని చక్కగా పట్టి ఇస్తుంది.

అండమాన్‌నే తీసుకుందాం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయర్‌లో డిగ్నాబాద్ అనే పేట ఉన్నది. సముద్రం దాటి వెళ్ళి తరాలుగా స్థిరపడిన తెలుగువారు ఆ ద్వీపాలలో తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. 2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం ఆరున్నర వేళ భూమి కంపించి, వెనువెంటనే సముద్రం పైబడినప్పుడు ఈ ద్వీపాలలో మూడు వేలకు పైగా ప్రజలు మరణించారు లేదా గల్లంతయ్యారు. ఆనాడు డిగ్నాబాద్‌లోని చిల్లర వర్తకుడికి ఎన్ని బాధలున్నా అమ్మకపు పన్ను రిటర్ను బాధ మాత్రం లేదు. ఆ ద్వీపాలలో అమ్మకపు పన్నే లేదు. తర్వాత దేశమంతటా వచ్చిన వ్యాట్ సైతం అక్కడికి రాలేదు.

2017 జూలై 1 నుంచి పరిస్థితి మారింది. జి.ఎస్.టి. ద్వీపాలకూ చేరింది. అందులో నమోదైన వర్తకుడు నెలనెలా గానీ, మూడు నెలలకొకసారి గానీ కంప్యూటరు ద్వారా లెక్క చెప్పుకోవాలి. ఆలస్యమైతే రోజుకింత అని రుసుము. కట్టని పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ. ఇక ఆదాయపు పన్ను విషయంలో నెలకు ఒక శాతం వడ్డీ. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెలగానే లెక్క. దానిపైన అయిదు వేల రూపాయల దాకా ఆలస్య రుసుము. ద్వీపాలను చెన్నైతో కలిపే సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైన మాట నిజమే. కాని 2004 వంటి విలయం మరల వస్తే కేబుల్ పనిచేయవచ్చు, చేయకపోవచ్చు. గడువు తేదీ మాత్రం పనిచేసి తీరుతుంది.

ఇది ఊహాగానం కాదు. వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడింది 2024 జూలై 30 తెల్లవారుజామున. ఆదాయపు పన్ను రిటర్నులకు సాధారణ గడువు జూలై 31. బుడమేరు పొంగి విజయవాడ పేటలు రోజుల తరబడి నీటిలో నిలిచింది అదే ఏడాది సెప్టెంబరు మొదటి వారంలో. ఆ నెల 11, 20 తేదీలు జి.ఎస్.టి. గడువులు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి సామెత మనకున్నది. క్యాలెండరుకు ఆపాటి ఇంగితం కూడా ఉండదు.

అయితే చట్టంలో దయకు చోటు లేదా? ఉన్నది. 1961 ఆదాయపు పన్ను చట్టం 119వ సెక్షన్ కింద ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు గడువు పొడిగించవచ్చు. 2018 వరదల తర్వాత కేరళ పన్ను చెల్లింపుదారులకు ఆగస్టు 31 గడువును సెప్టెంబరు 15కు మార్చింది ఈ అధికారంతోనే. పదిహేను రోజులు! ఇక 220వ సెక్షన్ కింద వడ్డీ మాఫీ కోరాలంటే చెల్లింపు నిజంగా కష్టమని, లోపం తన చేతిలో లేని కారణాల వల్ల జరిగిందని, విచారణలో సహకరించానని బాధితుడు అధికారిని ఒప్పించాలి. ఊరంతా మునిగిన సంగతి లోకానికంతటికీ తెలిసినా, మునిగినట్లు ఎవరికి వారు రుజువు చేసుకోవాలన్నమాట.

గడువు పెంచినంత మాత్రాన వడ్డీ ఆగుతుందని కూడా లేదు. కోవిడ్ కారణంగా 2021లో రిటర్నుల గడువును సెప్టెంబరు 30కి పొడిగించినప్పుడు, లక్ష రూపాయలకు మించి పన్ను బాకీ ఉన్నవారికి వడ్డీ మినహాయింపు లభించలేదు. కాగితానికి వ్యవధి ఇచ్చారు, డబ్బుకు ఇవ్వలేదు. అంతటితో అయిందా? గడువు పెరిగిన సంగతి కంప్యూటరుకు తెలియక కొందరికి వడ్డీ, ఆలస్య రుసుము తప్పుగా లెక్కకట్టింది. ఆగస్టు 1న సరిదిద్దామని శాఖ ప్రకటించింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నారు పెద్దలు. ఈ కాలపు పూజారి యంత్రం.

పార్లమెంటు ఏం చేసింది? సునామీ విషాదం తర్వాత వచ్చిన 2005 విపత్తుల నిర్వహణ చట్టంలో 13వ సెక్షన్ ఉండేది. తీవ్ర విపత్తులలో బాధితుల అప్పుల చెల్లింపుపై ఉపశమనం సిఫార్సు చేసే అధికారం అది. పన్నుల ఊసు అందులో లేదు. 2025 సవరణతో ఆ సెక్షనే పోయింది. వయనాడ్ బాధితుల రుణాల వ్యవహారంలో కేంద్రం కేరళ హైకోర్టుకు చెప్పింది కూడా అదే.

అదే ఏడాది వచ్చిన కొత్త ఆదాయపు పన్ను బిల్లులో, గడువు దాటి రిటర్ను వేసినవారికి పన్ను వాపసు లేదనే నిబంధన చోటుచేసుకున్నది. ఎక్కువ కట్టిన సొంత డబ్బు సైతం దక్కదన్నమాట. బైజయంత్ పాండా అధ్యక్షతన సెలెక్ట్ కమిటీ దానిని తొలగించాలన్నది, ప్రభుత్వం అంగీకరించింది. సభాసంఘాలు వృథా అనేవారు ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలి. సవరించిన బిల్లును ఆగస్టు 11న లోక్‌సభ ప్రతిపక్షాల నిరసనల నడుమ చర్చ లేకుండానే ఆమోదించింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా నిర్ణయించిన ఆ చట్టంలోనూ విపత్తు బాధితుడికి దక్కేది బోర్డు విచక్షణే, హక్కు కాదు.

మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలో ఏమున్నది? అక్కడ కూడా సాధారణంగా కోరితే లభించే ఆరు నెలల పొడిగింపు రిటర్నుకే గాని చెల్లింపుకు కాదు. విపత్తు మాట వేరు. ఫెడరల్ ప్రభుత్వం విపత్తుగా ప్రకటించిన ప్రాంతాలవారికి 60 రోజుల వాయిదా దానంతటదే లభించాలని 2019లో చట్టం చేశారు. 2025లో దానిని 120 రోజులకు పెంచారు. ఆ ఏడాది జనవరిలో లాస్ ఏంజెలెస్ కౌంటీ కార్చిచ్చులో తగలబడినప్పుడు దాఖలుకూ, చెల్లింపుకూ కూడా అక్టోబరు 15 దాకా గడువిచ్చారు. చిరునామా ఆ ప్రాంతంలో ఉంటే చాలు, సాధారణంగా అర్జీ అక్కరలేదు.

ఖజానాకు నష్టమని, ఎగవేతదారులు దీనిని అదనుగా తీసుకుంటారని అధికారులు అనవచ్చు. సహాయ నిధులు వచ్చేది పన్నుల నుంచేనన్నదీ నిజం. కాని నేను చెబుతున్నది మాఫీ గురించి కాదు, వాయిదా గురించి. ఒక జిల్లాను విపత్తు ప్రాంతంగా ప్రకటించిన నాటి నుంచి నిర్ణీత కాలం రిటర్ను గడువు, రుసుము, వడ్డీ మూడూ వాటంతటవే ఆగాలి. ఆ సంగతి కంప్యూటరుకు ముందే తెలిసి ఉండాలి.

పెద్ద రాష్ట్రానికి ఢిల్లీలో ముఖ్యమంత్రి ఉత్తరం ఉంటుంది, పాతికమంది సభ్యుల కేకలుంటాయి. అండమాన్‌కు శాసనసభ లేదు. 543 మంది గల లోక్‌సభలో ఒక్కడే సభ్యుడు. విచక్షణ కేక వినబడిన వైపుకే తిరుగుతుంది. డిగ్నాబాద్ వర్తకుడికి కావలసింది ఎవరి దయో కాదు, చట్టంలో ఒక వాక్యం. ఏటా ఆర్థిక బిల్లు వస్తూనే ఉన్నది. ఆ వాక్యానికి సవరణ ప్రతిపాదించడానికి మన సభ్యులు మరో ఉప్పెన దాకా ఆగనక్కరలేదు.