అమ్మతో పట్నం

హైదరాబాదు పోవడమనేది మా పల్నాటివాళ్ళకు కొత్త సంగతి కాదు. రాత్రి అన్నం తిని నరసరావుపేటలో బస్సెక్కితే తెల్లవారేసరికి ఎల్.బి.నగర్ చౌరస్తాలో దింపుతాడు. మాచర్లవాళ్ళు సాగరు మీదుగా పోతారు, వాళ్ళ దారి వేరు. మాది పిడుగురాళ్ళ, దాచేపల్లి దారి. పొందుగల దగ్గర కృష్ణ దాటితే అవతల వాడపల్లి. మా తాతగారి రోజుల్లో ఆ అవతలి ఒడ్డు నైజాము రాజ్యం. 1956 నవంబరు 1 నుంచి 2014 జూన్ 1 దాకా రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రం. ఇప్పుడు మళ్ళీ వేరు. హైదరాబాదు నడిబొడ్డున పారే మూసీ వచ్చి కృష్ణలో కలిసేది ఆ వాడపల్లి దగ్గరే. ఆ నీళ్ళకు పట్నం నుంచి మా దగ్గరికి దారి తెలుసు గాని, మాకే పట్నంలో దారి తెలియదు.

నా సంగతి చెప్పనక్కరలేదు. కాలేజీలో తెలుగు చెప్పి బతుకుతున్నవాణ్ణి. పల్నాటి యుద్ధంలో ఎవరి సేన ఎటునుంచి వచ్చి కారెంపూడిలో దిగిందో నల్లబల్ల మీద గీసి చూపించగలను. హైదరాబాదులో మాత్రం ఎదురుగా ఉన్న వీధి కనబడదు. కొన్నేళ్ళ కిందట సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం చూడాలని బయలుదేరాను. 1901లో పుట్టిన గ్రంథాలయం అది. కోఠీలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని ఎక్కాను. ఆయన నన్ను ఏయే వీధులు తిప్పాడో ఆ భగవంతుడికే ఎరుక. అరగంట తరువాత దించి, 200 రూపాయలు పుచ్చుకుని వెళ్ళిపోయాడు. గ్రంథాలయం చూసి బయటికి వచ్చి నాలుగడుగులు వేశానో లేదో, నేను పొద్దున బస్సు దిగిన కోఠీ ఎదురయింది. ఈ సంగతి ఇంట్లో ఇప్పటివరకూ చెప్పలేదు. ఈ పత్రిక మా ఇంటికి వస్తుంది కనుక ఇక తెలిసిపోతుంది.

ఇట్లాంటివాణ్ణి, మొన్న మా అమ్మను వెంటబెట్టుకుని పట్నం పోవలసి వచ్చింది.

అమ్మకు 72 ఏళ్ళు. చదువు రాదు. కొంతకాలంగా నాలుగడుగులు వేస్తే ఆయాసం. పేటలో డాక్టరుగారు చూసి, గుండె కవాటంలో ఏదో తేడా ఉన్నట్టుంది, పట్నం తీసుకువెళ్ళి చూపించండి అన్నారు. మాదాపూరు వైపు ఒక ఆస్పత్రిలో ఉదయం తొమ్మిదిన్నరకు వేళ దొరికింది. ఆ పూట తప్పితే మళ్ళీ పదిహేను రోజులు ఆగాలి. పదిహేను రోజులంటే మామూలుగా ఎంత? రాత్రిళ్ళు అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఊపిరి కోసం వెతుక్కుంటుంటే చూసినవాడికి అది చాలా ఎక్కువ.

పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న నా పాత శిష్యుడొకడు ఫోనులో దారి చెప్పాడు. “మాస్టారూ, ఆటో మాట మరచిపోండి. ఎల్.బి.నగర్లో మెట్రో ఎక్కండి, అమీర్‌పేటలో మారండి, మాదాపూర్లో దిగండి. గంటన్నర చాలు.” వినడానికి ఎంత సులువు!

మెట్రో సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. మన దేశంలో ఇట్లాంటి రైలు మొదట కలకత్తాలో 1984లో నడిచింది. అక్కడ నేల కింద. హైదరాబాదులో అంతా ఆకాశం మీదే. రోడ్డు మధ్య స్తంభాలు లేపి, వాటిమీద పట్టాలు వేశారు. 2017 నవంబరులో నాగోలు నుంచి మియాపూరు దాకా 30 కిలోమీటర్లతో మొదలై, ఎల్.బి.నగర్ దారి 2018లో తెరిచి, 2020 ఫిబ్రవరికి మొత్తం 69 కిలోమీటర్లయింది. దారులు మూడు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు మియాపూరు నుంచి ఎల్.బి.నగర్, నీలం నాగోలు నుంచి రాయదుర్గం, ఆకుపచ్చ జూబిలీ బస్టాండు నుంచి ఇమ్లీబన్ బస్టాండు. ఎరుపూ నీలమూ కలిసేది అమీర్‌పేటలో. రైలుకు మూడే పెట్టెలు. తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి, వాటంతట అవే మూసుకుంటాయి. ఈ రెండోది గుర్తుపెట్టుకోండి.

ఆ స్తంభాలకు నంబర్లున్నాయి. పట్నంలో ఇప్పుడు వాటితోనే చిరునామా చెప్పుకుంటున్నారు. మా ఊళ్ళో “రామాలయం వెనక, చింతచెట్టు పక్కన” అంటాం. అక్కడ ఫలానా నంబరు స్తంభం ఎదురుగా అంటారు. చెట్టు కంటే ఇదే నయం, గాలివానకు పడిపోదు.

ఎల్.బి.నగర్లో మా సంచి యంత్రంలో దూర్చి అవతల తీశారు. అందులో గోంగూర పచ్చడి సీసా ఉంది, శిష్యుడి కోసం. అమ్మ ఆ యంత్రం వంక అనుమానంగా చూసింది. ఇద్దరి టిక్కెట్లూ నా ఫోనులోనే గళ్ళగళ్ళ బొమ్మగా వచ్చాయి. ఎస్కలేటరు దగ్గర అమ్మ ఆగిపోయింది. “మెట్లు మనం ఎక్కాలిగాని మెట్లు మనల్ని ఎక్కించటమేందిరా?” అంది. లిఫ్టులో పోయాం. రైల్లో ఎవరో అమ్మాయి లేచి చోటిచ్చింది. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, మూసీ, నాంపల్లి, మేడల మీద ఆరేసిన బట్టలు, పావురాలు. అమ్మ కిటికీకి అతుక్కుపోయింది. లక్డీకాపూల్ అంటే కర్రవంతెన అని నేను పాఠం మొదలుపెడితే, “వంతెనేది?” అంది. నా దగ్గర జవాబు లేదు.

అమీర్‌పేటలో దిగేసరికి ఎనిమిదిన్నర. అబ్బ, ఏం జనం! మా కోటప్పకొండ తిరునాళ్ళ జనమే, కాకపోతే ఎవరి నోటా మాట లేదు. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు ప్రవాహంలా పోతున్నారు. మేమూ వాళ్ళతోపాటే పోయి, వాళ్ళు ఎక్కిన మెట్లే ఎక్కాం. పైన రైలు సిద్ధంగా ఉంది. ఎందుకైనా మంచిదని తలెత్తి బోర్డు చదివాను. నాగోలు అని ఉంది. మాకు కావలసింది రాయదుర్గం వైపు. “అమ్మా, ఇది కాదు” అని పక్కకు తిరిగేసరికి పక్కన అమ్మ లేదు. జనం తోపులో లోపలికి పోయింది. గంట మోగింది, తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి అమ్మ ముఖం ఒక్క క్షణం కనబడింది. రైలు పోయింది.

చదువుకున్నవాడు బోర్డు చదువుతూ నిలబడ్డాడు, చదువురానిది రైలెక్కింది.

అమ్మ ఫోను నా సంచిలోనే ఉంది. మందులచీటీ, ఆధార్ కార్డు, ఇంటి అడ్రసు రాసిన కాగితం, అన్నీ నా దగ్గరే. గుండె జబ్బు మాత్రం ఆవిడ దగ్గర. నాకు కాళ్ళలో బలం లేదు. యూనిఫారంలో ఉన్న ఒకాయన దగ్గరికి పరుగెత్తి చెప్పాను. ఆయన తొణకలేదు. “టిక్కెట్టు ఎవరి దగ్గరుంది సార్?” అన్నాడు. నా దగ్గరే అన్నాను. “అయితే అమ్మ ఏడికీ పోదు. టిక్కెట్టు లేకుండ గేటు తెరుచుకోదు. లోపల్నే ఉంటది” అని వాకీటాకీలో మాట్లాడాడు. చీరె రంగు అడిగాడు. నాకు గుర్తు రాలేదు. పొద్దుటినుంచీ పక్కనే కూర్చున్నాను, గుర్తు రాలేదు.

నాగోలు దాకా పోతుందా? మధ్యలో దిగుతుందా? దిగితే ఎక్కడ? మూడు నాలుగు నిమిషాల్లో వెనక రైలు వచ్చింది, ఎక్కాను. ఆ కొద్దిసేపూ తలుపు దగ్గర నిలబడి ఉంటే కోటప్పకొండే జ్ఞాపకం వచ్చింది. శివరాత్రికి ఊళ్ళనుంచి ప్రభలు వస్తాయి, తాటిచెట్లను మించిన ఎత్తు, వాటినిండా రంగురంగుల దీపాలు. నాకు ఏడేళ్ళప్పుడు అవి చూస్తూ చేయి వదిలేస్తానేమోనని అమ్మ బండి దిగకముందే చెప్పేది: “తప్పిపోతే తిరగమాక. ఉన్నచోటే నిలబడు. ఇద్దరూ తిరిగితే కలవరు. తిరిగేది నేను తిరుగుతా.”

తరువాతి స్టేషను బేగంపేట. తలుపు తెరుచుకోగానే ఎదురుగా బెంచీమీద అమ్మ. ఆకుపచ్చ చీరె, జరీ అంచు. పక్కన కాలేజీ పిల్ల ఒకతె అమ్మ చేయి పట్టుకుని కూర్చుంది. ఆ పిల్లకు తెలుగు రాదు, అమ్మకు హిందీ రాదు. తను ఎక్కవలసిన రైలు వదులుకుని కూర్చుందని అమ్మ తరువాత చెప్పింది. రెండు భాషలూ రానిచోట ఆ సంగతి ఎట్లా తెలుసుకుందో నేను అడగలేదు.

“ఏరా, భయపడ్డావా?” అంది అమ్మ.

“నువ్వు భయపడలేదా?”

“నేనెందుకు భయపడతా? బండి మొదట ఎక్కడాగితే అక్కడ దిగా. వెనక బండిలో నువ్వొస్తావుగా.”

ఆ పిల్లకు దణ్ణం పెట్టబోతే నవ్వి తన రైలెక్కి వెళ్ళిపోయింది. మేము కిందికి దిగి, అవతలి వైపు ఎక్కి, మళ్ళీ అమీర్‌పేట, అక్కడనుంచి దిగకుండా అదే రైల్లో మాదాపూరు. ఈసారి అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను, ఎవరు చూసి నవ్వుకున్నా సరే. ఆస్పత్రి మెట్లు ఎక్కేసరికి తొమ్మిదీ ఇరవై అయిదు.

మెట్రోలో మనం దిగే స్టేషను పేరు తెలిస్తే చాలదండీ. ఆ దిక్కున ఆఖరి స్టేషను పేరు తెలియాలి. బోర్డు మీద ఉండేది అదే. మన బస్సుల్లోనూ అంతే, గురజాల పోవాలంటే మాచర్ల బోర్డున్న బస్సెక్కమూ? నాకు తెలియనిది కాదు. మెట్లు ఎక్కకముందు చూడవలసినదాన్ని ఎక్కిన తరువాత చూశాను.

డాక్టరు చాలాసేపు చూశారు. కవాటం బిగుసుకుంటున్న మాట నిజమే, అయితే ఇప్పుడే కోత అవసరం లేదు, మందులు వాడి మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. బయటికి వచ్చి మెట్లమీద కూర్చుని ఇద్దరమూ ఇడ్లీ తిన్నాం. అంత రుచైన ఇడ్లీ నేను ఈ మధ్య తినలేదు.

తిరుగుదారిలో అమ్మ, “నేలమీద పోయేది ఎక్కుదాం” అంది. కొండాపూరు నుంచి కోఠీ పోయే 127కె బస్సు దొరికింది. ఈ నగరానికి సర్కారు బస్సు పాతదే. నైజాము రైల్వేవారు 1932లో 27 బస్సులతో మొదలుపెట్టారు. బస్సుల నంబరు పలకమీద ఉండే ‘జడ్’ అక్షరం నిజాం ప్రభువు తన తల్లి జహరా బేగం పేరు మీద పెట్టించినదని చెబుతారు. అమ్మకు ఆ మాట చెబితే, “మంచిపని చేశాడు” అంది, నావైపు ఓరగా చూస్తూ.

కండక్టరమ్మ వచ్చింది. ఇక్కడ 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. అమ్మ దర్జాగా ఆధార్ కార్డు చూపింది. “అవ్వా, గిది ఆంధ్ర కార్డు. తెలంగాణ కార్డుంటెనే ఫ్రీ” అంది ఆవిడ. మావైపు 2025 ఆగస్టు 15 నుంచి అమ్మ పిడుగురాళ్ళకూ సత్తెనపల్లికీ ఊరికే తిరుగుతోంది. “ఆడ ఆడదాన్నే, ఈడా ఆడదాన్నే. కృష్ణ దాటితే మారిపోతానా?” అంది. బస్సులో నవ్వులు. కండక్టరమ్మ కూడా నవ్వింది, టిక్కెట్టు మాత్రం కొట్టింది.

ఇమ్లీబన్ బస్టాండు మూసీ నడుమ ఉంటుంది. చీకటి పడుతుండగా వంతెన మీద అమ్మ ఆగింది. “ఇదేనా మన వాడపల్లికి వచ్చేది?” అంది. అవునన్నాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, “ఇట్లా ఉంటే ఎట్లా వస్తుందిరా పాపం” అంది.

రాత్రి బస్సులో కళ్ళు మూసుకుని ఉంటే నిద్రపోయిందనుకున్నాను. పొందుగల వంతెన మీద కదిలి, “మూడు నెలలకు ఎప్పుడవుతుంది?” అంది. ఏ తేదీకి వస్తుందో చెప్పాను. “ఆ రైలే ఎక్కుదాం. మెట్లకాడే ఎవరినైనా అడుగుదాంలే. నువ్వు చదవమాక” అని, తల నా భుజం మీద పెట్టి పడుకుంది.